మందులకు లొంగని క్షయకు పుట్టింట్లో 26 వారాల చికిత్స: ఒక రోగి కేసు వివరాలు

ఔషధ నిరోధక క్షయ అంటే కొన్నేళ్ల క్రితం వరకు నెలల తరబడి ఇంజెక్షన్లు, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా గుప్పెడేసి మాత్రలు, కొందరికి శాశ్వతంగా వినికిడి పోవడం. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బీపాల్‌ఎం విధానాన్ని 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఆమోదించింది. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్ అనే నాలుగు నోటి మందులతో, ఒక్క ఇంజెక్షన్ కూడా లేకుండా, అర్హులైన రోగులకు ఇప్పుడు 26 వారాల్లో చికిత్స పూర్తి చేయవచ్చు. దీనివల్ల రోగి వార్డులో గడిపే కాలం కొద్ది రోజులకు తగ్గింది, మిగిలిన చికిత్స అంతా ఇంట్లోనే జరుగుతోంది. అయినా మేము రాసిచ్చే డిశ్చార్జి కాగితంలో మందుల మోతాదులు ఎంత వివరంగా ఉంటాయో, రోగి ఏ ఇంట్లో ఉండబోతోంది, ఎవరు వండి పెడతారు, ఏ పూట ఏమి తింటుంది, కాళ్లు తిమ్మిరెక్కితే ఎవరికి చెబుతుంది అన్న సంగతులు అంత అస్పష్టంగా ఉంటాయి. ఇంటి ఏర్పాటును కూడా మందు రాసినంత కచ్చితంగా రాయాలన్నది ఛాతీ వైద్యుడిగా నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారమైన కేసుల్లో ఒకదాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

రోగి నేపథ్యం

ఆమె వయసు 27. నాలుగేళ్ల కూతురు ఉంది. భర్త ఆటో నడుపుతాడు. పుట్టిల్లు మార్కాపురం ప్రాంతంలోని ఒక పల్లె, తండ్రి చాలా ఏళ్లు పలకల గనుల్లో పనిచేసిన మనిషి. మూడేళ్ల క్రితం ఆమెకు మామూలు క్షయ ఉన్నట్లు తేలి చికిత్స మొదలైంది. రెండు నెలలు మందులు వాడి, దగ్గు తగ్గి, ఒంట్లో కాస్త సత్తువ వచ్చిన సమయానికి మిరప కోతల కాలం వచ్చింది. ఊరంతా గుంటూరు వైపు వలస వెళ్తుంటే ఆమె కూడా వెళ్లింది. మందులు ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఉన్నాయి, మనిషి మిరప చేలో ఉంది. చికిత్స అక్కడితో ఆగిపోయింది. దీన్ని నిర్లక్ష్యం అని కేసు షీటులో రాయడం సులువే గాని, కూలికి పోకపోతే ఆ నెల ఇల్లు గడవని కుటుంబం విషయంలో ఆ మాట నేను రాయను.

ఈసారి రెండు నెలల దగ్గు, సాయంత్రం జ్వరం, అన్నం సయించకపోవడం, ఒకసారి కఫంలో రక్తపు జీర. గళ్ల పరీక్షను ట్రూనాట్ యంత్రంపై చేస్తే క్షయ సూక్ష్మజీవితో పాటు క్షయకు ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు నిరోధకత కూడా బయటపడింది. మాక్సిఫ్లాక్ససిన్ వర్గపు మందులు పనిచేస్తాయని తరువాతి ప్రయోగశాల పరీక్షలో తేలింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక గుహ (క్షయ తొలిచిన ఖాళీ) కనిపించింది. హెచ్‌ఐవీ లేదు, చక్కెర మామూలుగా ఉంది, గర్భం లేదు. బరువు 36 కిలోలు, ఎత్తు 153 సెంటీమీటర్లు, అంటే శరీర ద్రవ్యరాశి సూచీ 15.4. హిమోగ్లోబిన్ 9.2. ఈసీజీలో క్యూటీ విరామం (అతిగా పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదాన్ని సూచించే కొలత), కాలేయ పరీక్షలు, పొటాషియం, చూపు, రంగుల గుర్తింపు, పాదాల స్పర్శ అన్నీ చూసుకుని జనవరిలో మందులు మొదలుపెట్టాము.

ఏ ఇల్లు అన్న ప్రశ్న

వార్డులో ఉన్నప్పుడే అత్తగారు వచ్చి, కోడలిని పుట్టింటికి పంపుతామని, పిల్లను మాత్రం తమ దగ్గరే ఉంచుకుంటామని చెప్పారు. కోపంతో చెప్పిన మాట కాదది, భయంతో చెప్పిన మాట. తల్లి దగ్గర పడుకుంటే పిల్లకు అంటుకుంటుందని ఆమె భయం. నేను ఆ కుటుంబానికి వివరించినది ఇది: దగ్గు మొదలైన నాటి నుంచి రోగం గుర్తించేదాకా గడిచిన ఆ నెలల్లోనే పిల్ల ఆ గాలి పీల్చింది. సరైన మందులు పడ్డాక రోగి నుంచి ఇతరులకు సోకే ముప్పు వేగంగా తగ్గుతుంది. కాబట్టి ఇప్పుడు పిల్లను వేరు చేయడం కంటే, పిల్లకు పరీక్షలు చేసి, జబ్బు లేదని తేలితే నివారణ మందు ఇవ్వడం ముఖ్యం. ఔషధ నిరోధక క్షయ రోగితో కలిసి ఉన్నవారికి 6 నెలల లీవోఫ్లాక్ససిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సిఫారసు చేసింది. పిల్లకు ఎక్స్‌రే, ఇతర పరీక్షలు చేసి, జబ్బు లేదని నిర్ధారించుకుని, బరువుకు తగిన మోతాదులో దానిని మొదలుపెట్టాము. పిల్ల తల్లితోనే పుట్టింటికి వెళ్లింది.

పుట్టిల్లు రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. గదులకు ఒక్కో చిన్న కిటికీ. క్షయ గాలి ద్వారా సోకుతుంది గనుక గాలి ఎంత ఆడితే అంత మంచిది. మొదటి వారాల్లో రోగి మంచం వసారాలో, పిల్ల పడక లోపల అమ్మమ్మ దగ్గర అని నిర్ణయించాము. జనవరి చలికి వసారాకు పట్టాలు కట్టి మూసేద్దామని తండ్రి అనుకున్నాడు. రెండు దుప్పట్లు ఎక్కువ కప్పుకోవచ్చు గాని వసారా మూయవద్దని ఆశా కార్యకర్త నచ్చజెప్పింది. ఇంట్లోకి వచ్చినప్పుడు మాస్కు, కఫం ఉమ్మడానికి మూత ఉన్న డబ్బా. కంచం, గ్లాసు, చెంబు వేరుగా పెట్టాల్సిన పని లేదని మాత్రం పదేపదే చెప్పాల్సి వచ్చింది. అన్నం తిన్న కంచం ద్వారా క్షయ రాదు. వేరు కంచం పెట్టడం వల్ల ఎవరికీ రక్షణ దొరకదు, పైగా ఆ మనిషి అందరితో కూర్చుని తినడం మానేస్తుంది, ఒంటరిగా తినే మనిషి తక్కువ తింటుంది. 15.4 సూచీతో ఉన్న రోగికి ఆ తక్కువ తినడమే పెద్ద ప్రమాదం.

మాత్రలు, వారాలు

బెడాక్విలిన్‌ను మొదటి రెండు వారాలు రోజూ 400 మిల్లీగ్రాములు, ఆ తరువాత వారానికి మూడు రోజులు 200 మిల్లీగ్రాముల చొప్పున వేసుకోవాలి. మిగతా మూడు మందులు రోజూ వేసుకోవాలి. ఇంటి దగ్గర పొరపాటు జరగడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఈ మార్పు దగ్గరే. ఆమె తల్లికి చదువు రాదు, కానీ వారాలు, తిథులు తప్పకుండా గుర్తుంటాయి. సోమ, బుధ, శుక్రవారాలు అనుకున్నాము. గోడ మీది క్యాలెండరులో ఆ మూడు వారాల గళ్లకు తల్లి కుంకుమ బొట్టు పెట్టుకుంది. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్ రెండూ తిండితో కలిపి వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు. రోగి శుక్రవారం ఒంటిపొద్దు ఉంటుందన్న సంగతి ఆశా కార్యకర్త అడిగితేనే తెలిసింది. కూతురికి బాగయ్యేదాకా ఆ శుక్రవారాలు తాను ఉంటానని తల్లి మొక్కుకుంది. మందు కోసం భక్తిని వదులుకోమని చెప్పే అవసరం లేకుండా ఆ ఇల్లే పరిష్కారం చూసుకుంది.

తిండి

ఈ కేసులో నేను ఎక్కువ సమయం వెచ్చించింది తిండి మీదే. క్షయ రోగులకు పోషణ ఎంత ముఖ్యమో ఝార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం చూపించింది. 2023లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో రోగికి రోజుకు 1200 కిలో క్యాలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చే దినుసులు నెలనెలా ఇచ్చారు. చికిత్స మొదలైన రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఇంట్లోవారికి కూడా దినుసులు ఇచ్చిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం దాదాపు 39 శాతం తగ్గింది. మా రోగికి 5 శాతం అంటే 1.8 కిలోలు. దాన్ని మందులతో సమానమైన లక్ష్యంగా కేసు షీటులో రాసి పెట్టాను.

తొలి వారం మాత్రం తొందరపడలేదు. చాలాకాలం అర్ధాకలితో ఉన్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకు ప్రమాదం రావచ్చు. అసలే క్యూటీ విరామాన్ని పెంచే మందులు వాడుతున్నప్పుడు పొటాషియం పడిపోవడం మరింత ప్రమాదకరం. అందుకే ఆస్పత్రిలోనే చిన్న చిన్న మోతాదుల్లో రోజుకు ఆరుసార్లు తినిపించి, రక్త పరీక్షలు చూసుకుంటూ పెంచి, ఆ తరువాతే ఇంటికి పంపాము.

ఇంటి దగ్గర అడ్డుపడింది పథ్యం. దగ్గు ఉంది కనుక పెరుగు వద్దు, అరటిపండు వద్దు. గుడ్డు వేడి చేస్తుంది. లోపల పుండు ఉందన్నారు గనుక పప్పు తింటే చీము పడుతుంది. ఇక మిగిలింది చారన్నం, కారప్పొడి, ఇడ్లీ. చారన్నంతో ఆ మందులు వేసుకుంటే వాంతి రాక ఏమవుతుంది? పథ్యం పెట్టే తల్లిని తప్పుపట్టడం వల్ల ప్రయోజనం లేదు. బిడ్డ బతకాలన్న తపనతోనే ఆమె ఒక్కో పదార్థాన్ని తీసేస్తుంది. నేను ఆమెతో, "అమ్మా, ఈ జబ్బుకు పథ్యం ఉంది, ఆ పథ్యం ఏమిటంటే ఏ పూటా మానకుండా తినడం, ఆ బాధ్యత నీది" అన్నాను. ఫలానా రోజు నుంచి ఫలానాది పెట్టమని పేరు పేరునా చెప్పాను. "డాక్టరు గారు చెప్పారు" అన్న మాట ఆమెకు చుట్టుపక్కల వాళ్ల ముందు ఒక అండ అయింది.

లెక్క ఇలా వేశాము. ఉండవలసిన బరువు సుమారు 47 కిలోలు అనుకుంటే కిలోకు 40 చొప్పున రోజుకు 1900 కిలో క్యాలరీలు, 56 నుంచి 70 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు ఉడికించిన గుడ్లు, పావు లీటరు పాలు లేదా పెరుగు, గుప్పెడు వేయించిన పల్లీలు లేదా బెల్లంతో చేసిన పల్లీ ఉండలు, రెండు పూటలా గట్టి పప్పు, రేషను బియ్యపు అన్నం లేదా జొన్న సంగటి, వంటలో కాస్త ఎక్కువ నూనె. ఇవి చేరితే ఆ లెక్క సరిపోతుంది. ఇందులో ఆ ఊరి కిరాణా కొట్టులో దొరకనిది ఒక్కటీ లేదు. డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పొడి కొనాలా అని భర్త అడిగాడు. ఆ డబ్బుతో నెలంతా గుడ్లు, పల్లీలు వస్తాయని చెప్పాను. క్షయ రోగుల తిండి ఖర్చుకు ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద ఇచ్చే మొత్తం 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెరిగింది. ఆమె బ్యాంకు ఖాతా వివరాలు నమోదయ్యాయా లేదా అన్నది వైద్యుడు స్వయంగా చూసుకోవాల్సిన విషయం, గుమాస్తా పని అని వదిలేయదగింది కాదు.

మూడో వారం బరువు పెరగలేదు. ఆశా కార్యకర్త భోజనం వేళకు వెళ్లి చూస్తే, రోగి తన గుడ్డు కూతురికి పెడుతోంది. ఏ తల్లి అయినా చేసేది అదే. ఆకలిగా చూస్తున్న పిల్ల ముందు తల్లి గుడ్డు తినలేదు. "నీ గుడ్డు నువ్వే తినాలి" అని మందలించడం కంటే పిల్లకు కూడా గుడ్డు ఉండేలా చూడడమే దారి. అంగన్‌వాడీలో పిల్ల పేరు అత్తవారి ఊళ్లో ఉంది. దాన్ని ఇక్కడికి మార్పించాము. క్షయ రోగులకు పోషకాహారం అందించే నిక్షయ్ మిత్ర పథకం కింద ఒక దాత ఇచ్చిన సంచీలోని దినుసులు ఇంటిల్లిపాదికీ సరిపోయేలా అడిగాము. ఆ తరువాత బరువు పెరగడం మొదలై, రెండో నెల చివరికి 39 కిలోలు దాటింది. ఆ నెల పంపిన కల్చర్‌లో, అంటే కఫాన్ని ప్రయోగశాలలో ఉంచి సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదు.

వాంతులు, ఆర్‌ఎంపీ, ఎండలు

వికారం మొదలైన రోజున ఆమె మా దగ్గరికి రాలేదు, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లింది. ముప్పై కిలోమీటర్లు బస్సులో రావడం కంటే అది సహజం. అతడు గ్యాసుకు యాంటాసిడ్ సిరప్ ఇచ్చి, వాంతులకు ఆండాన్‌సెట్రాన్ సూది వేయబోయి, ఆశా కార్యకర్త చెప్పగా ఆగి మాకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ రావడానికి కారణం ముందే అతడికి ఒక కాగితం అంది ఉండడం. యాంటాసిడ్, ఐరన్ మాత్రలు మాక్సిఫ్లాక్ససిన్‌తో పాటు కడుపులోకి వెళ్తే దాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఆండాన్‌సెట్రాన్, డాంపెరిడోన్, అజిత్రోమైసిన్ వంటివి క్యూటీ విరామాన్ని మరింత పెంచవచ్చు. అడగకుండా ఇవ్వకూడనివి అంటూ ఈ పేర్లన్నీ తెలుగులో రాసి అతడికీ, పక్కన ఉన్న మందుల షాపుకూ ఇచ్చాము. గ్రామీణ వైద్యుల అర్హతల గురించి వేరే వాదనలు ఎన్నయినా ఉండవచ్చు. రోగి రాత్రి పదింటికి తట్టే తలుపు అతడిదే అయినప్పుడు, అతడికి తెలియకుండా ఇంటి దగ్గర చికిత్స నడపాలనుకోవడం రోగికి మంచిది కాదు. మాత్రలను గట్టి టిఫిను తిన్న తరువాతకు మార్చి, ఐరన్ మాత్రను రాత్రికి జరిపితే వికారం చాలావరకు తగ్గింది.

మే నెలలో ఆ ప్రాంతపు ఎండల్లో మూడు రోజులు విరేచనాలయ్యాయి. పొటాషియం 3.2కు పడిపోయింది, క్యూటీ విరామం 462 మిల్లీసెకన్లు చూపించింది. మందులు ఆపే స్థాయి అయిన 500కు అది దూరమే అయినా, కొద్ది రోజులు వార్డులో ఉంచి సరిచేసి పంపాము. రేకుల వసారా మధ్యాహ్నం కాలిపోతుంది గనుక పగలు వేపచెట్టు కిందికి మంచం మార్చారు.

తిమ్మిర్లు

పదిహేనో వారంలో ఆమె తల్లి ఆశా కార్యకర్తతో అన్న మాట ఇది: "మా అమ్మాయి కాలి చెప్పు దారిలో జారిపోతే ఇంటికొచ్చేదాకా చూసుకోలేదమ్మా." రోగి స్వయంగా ఏమీ చెప్పలేదు. మందులు ఆపేస్తారేమోనని భయపడి అరికాళ్ల మంటను నెలరోజులు దాచుకుంది. లినెజోలిడ్ వల్ల నరాలు దెబ్బతినడం ఈ చికిత్సలో బాగా తెలిసిన విషయం. రోజుకు 1200 మిల్లీగ్రాములు ఇచ్చిన తొలి నిక్స్ టీబీ అధ్యయనంలో 81 శాతం మందికి నరాల ఇబ్బంది కనిపించింది. తరువాతి జెనిక్స్ అధ్యయనంలో 600 మిల్లీగ్రాములు 26 వారాలు వాడినవారిలో అది 24 శాతానికి తగ్గింది. అంటే మోతాదు తగ్గించినా దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి ఇది రావచ్చు. త్వరగా పసిగడితే మోతాదును ఇంకా తగ్గించి చికిత్స కొనసాగించవచ్చు, ఆలస్యమైతే తిమ్మిరి శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

లినెజోలిడ్ కంటి నరాన్ని, రక్తాన్ని కూడా దెబ్బతీయవచ్చు గనుక చూపును ఒక్కో కన్నుకు విడిగా పరీక్షించి, రంగుల గుర్తింపు మామూలుగా ఉందని నిర్ధారించుకున్నాము. హిమోగ్లోబిన్ రెండో నెలలో 8.4కు దిగి మళ్లీ 9.8కి చేరి ఉంది. లినెజోలిడ్‌ను 300 మిల్లీగ్రాములకు తగ్గించి, పిరిడాక్సిన్ (బి6 విటమిన్) కొనసాగించి, మంటకు ప్రీగాబలిన్ ఇచ్చాము. నరాల నొప్పికి చాలామంది అలవాటుగా రాసే అమిట్రిప్టిలిన్ ఇక్కడ వాడలేదు. అది క్యూటీ విరామాన్ని పెంచుతుంది, లినెజోలిడ్‌తో కలిస్తే ఒంట్లో సెరొటోనిన్ అనే రసాయనం అతిగా పెరిగే ప్రమాదమూ ఉంది. ఆనాటి నుంచి తల్లికి మరో రెండు పనులు చేరాయి. ప్రతి ఆదివారం కూతురి కళ్లు మూయించి కాలివేళ్లను ఈకతో తాకి తెలుస్తోందా అని అడగడం, ఒక కన్ను మూసి క్యాలెండరులోని చిన్న అక్షరాలు చదివించడం. చదువు రాని ఆమె అక్షరాలు సరిగా చదివిందో లేదో ఎలా చెబుతుందని మా జూనియర్ డాక్టరు సందేహపడ్డాడు. పోయిన వారం కంటే కూతురు తడబడుతోందా అన్నది ఏ తల్లికైనా తెలుస్తుంది. మాకు కావలసింది ఆ తేడా తెలియడమే.

ప్రస్తుత స్థితి

26 వారాల చికిత్స పూర్తయ్యేసరికి బరువు 44 కిలోలు, హిమోగ్లోబిన్ 10.6, వరుస కల్చర్‌లు నెగెటివ్. ఎక్స్‌రేలో గుహ మూసుకుపోయి మచ్చ మిగిలింది. అరికాళ్ల మంట పోయింది గాని వేళ్ల చివర్లలో మొద్దుబారినతనం ఇంకా ఉంది. చెప్పులు లేకుండా నడవవద్దని, పొలం పనికి వెళ్లే ముందు పాదాలు చూసుకోవాలని చెప్పాము. తండ్రి ఎక్స్‌రేలో రాతి దుమ్ము వల్ల వచ్చే మచ్చలు కనిపించాయి. గళ్ల పరీక్ష నెగెటివ్. ఊపిరితిత్తుల్లో ఆ దుమ్ము ఉన్నవారికి క్షయ ముప్పు మామూలు వారికంటే ఎక్కువ కనుక, కూతురి పరీక్షలతో పాటు ఆయనకూ పరీక్షలు జరుగుతాయి. పిల్ల లీవోఫ్లాక్ససిన్ కోర్సు పూర్తిచేసింది, బరువు పెరిగింది.

అత్తగారు చివరి పరీక్షల రోజున వచ్చి, కోడలికి ఇంట్లో ఎన్నాళ్లు వేరు కంచం పెట్టాలని అడిగారు. ఒక్క రోజు కూడా అక్కర్లేదని కోడలి ముందే చెప్పాను. మళ్లీ జబ్బు తిరగబెట్టిందేమో చూడడానికి 6, 12, 18, 24 నెలలకు గళ్ల పరీక్షలు చేయాలి. మిరప కోతల కాలంలో ఆమె గుంటూరు వైపు వెళ్తే అక్కడి కేంద్రంలోనే పరీక్ష చేయించుకునేలా, నిక్షయ్ నంబరు (క్షయ కార్యక్రమంలో రోగి నమోదు సంఖ్య) రాసిన కార్డును ఆమెకూ, భర్తకూ చెరొకటి ఇచ్చాము.